ఏడో కుట్టు

పొద్దున నేను కోసిన సీటు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి కుట్టి ఉంది.

మోటారు సైకిల్ వెనక సీటు అది. లోపలి పీచుకు పురుగు పట్టిందేమో చూద్దామని ఎనిమిది గంటలకు కత్తితో అంచు వెంబడి కోశాను. దుకాణం తెరిచే వేళ కావడంతో అలాగే నోరు తెరిచి వదిలేసి పోయాను. ఒంటిగంటకు వచ్చి చూస్తే నోరు మూసుకొని ఉంది. బస్తాలు కుట్టే సుత్లి దారం కొత్తది. దానికి రాసిన మైనం ఇంకా వేలికి అంటుతోంది.

వాకిలి తలుపు గడియ లోపలి నుంచే వేసి ఉంది. నేను తడితే నా భార్య చంద్రకళే వచ్చి తీసింది.

"ఎవరన్నా వచ్చిండ్రా?" అన్నాను.

"ఈ ఎండల ఎవరొస్తరు? కుక్క గూడ తిరుగుతలేదు."

ఆమె బండి వైపు చూడలేదు. నాలుగు రోజులుగా వంటింటికి పోవాలన్నా బావి వైపు నుంచి చుట్టూ తిరిగి పోతోంది. కుట్టిన సీటు సంగతి చెబితే చేతిలోని చెంబు గట్టు మీద పెట్టి, ఆ ఇనుము ఇంట్లో ఉన్నన్ని రోజులు తనను ఏమీ అడగవద్దని మాత్రం అంది. అన్నం వడ్డించి ఉందనీ, తింటే తినమనీ చెప్పి లోపలికి పోయింది.

నేను తినలేదు. మోకాళ్ల మీద కూర్చొని కుట్టు చూశాను.

మాది చాందా కోటలో జట్‌పురా దర్వాజ దగ్గర ధాన్యం దుకాణం. మా బస్తాలు ఎడ్లబండ్ల మీద బల్లార్‌పూర్ స్టేషనుకు పోతాయి. దారిలో బండివాడు బస్తా మూతి విప్పి, రెండు శేర్లు తీసి, మళ్లీ కుట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? అందుకని మా తాత ఒక పద్ధతి పెట్టాడు. ఆరు కుట్లు వేసి ఏడోది వదిలేయాలి. చూసేవాడికి అది తొందర పనిలా కనిపిస్తుంది. దొంగ తిరిగి కుట్టేటప్పుడు ఆ ఖాళీని కూడా పూడుస్తాడు. లోపం లేకుండా కుట్టిన బస్తా వచ్చిందంటే అది దొంగ చెయ్యి పడిన బస్తా.

ఈ కుట్టు హమాలీలకు నేర్పలేదు. మా బాపుకు తెలుసు. అనంతరావు అన్నకు తెలుసు. నాకు తెలుసు.

సీటు అంచున ఆరు కుట్లు, ఒక ఖాళీ. మళ్లీ ఆరు, మళ్లీ ఖాళీ.

ఒక్కటే తేడా. మా కుట్టు కుడివైపుకు వాలుతుంది. ఇది ఎడమకు వాలి ఉంది. చావు పనిలో జంధ్యం భుజం మారుతుంది, ప్రదక్షిణ తిరగబడుతుంది. ఇదీ అలా తిరగబడినట్టుంది. ఆ మాట తోచగానే కుట్టు మీంచి వేలు తీసేశాను.

లెక్క వేసుకున్నాను. నేను దుకాణంలో ఉన్నాను. బాపుకు రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇద్దరిని తీసేస్తే మిగిలేది ఒక్కడు. ఆ ఒక్కడు ఈ గడప దాటిపోయి ఈ చైత్రానికి పన్నెండేళ్లు.

అన్న నది అవతల రాజురాకని పోయింది ఈ బండి మీదే.

నేను కొన్నది ఎవరిదో పాత ఇనుమనుకొని. రాజురా తాలూకా ఇదివరకు నిజాం రాజ్యం. తర్వాత వేరే జిల్లా. ఇప్పుడు మా చాందా జిల్లాలో కలిసి ఏడాది అయింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మొత్తం కొత్త రాష్ట్రమట. నది అవతలి పల్లెల్లో బేరానికి ఇక అడ్డు చెప్పేవాడు లేడు. దూరాలు తిరగడానికి గట్టి బండి ఒకటుంటే మూడు రోజుల పని ఒక రోజులో అవుతుంది. బల్లార్‌పూర్‌లో పాత సామాన్ల భూమన్న దగ్గర, రేకుల కింద, కోళ్లు గూడు పెట్టుకున్న ఈ ఇంగ్లీషు బండి దొరికింది. పెద్ద టాంకీ, వెడల్పు హాండిలు, వెనక తోలు సంచులు తగిలించే కమ్మీలు. సంచి మాత్రం ఒకటే ఉంది, జోడీది లేదు.

ఇంటికి తెచ్చి, టాంకీలో గులకరాళ్లు, కిరసనాయిలు పోసి తుప్పు వదిలేదాకా ఊపాను. గొలుసు విప్పి నూనెలో నానబెట్టాను. ఇంజిను మీది మట్టి గీకితే అంకెలు బయటపడ్డాయి. అవి మా ఇనుపపెట్టెలోని అన్న బండి కాయితం మీదున్న అంకెలే.

ఇక మీటరు. అన్న ఊరికి పోయేటప్పుడల్లా బండి మీద కూర్చొని మైళ్ల అంకె పైకి చదివేవాడు. వదిన సావిత్రి వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో రాసుకునేది. తిరిగి వచ్చాక కొత్త అంకె కింద రాసి, తీసివేసి, ఎంత తిరిగి వచ్చారో చెప్పేది. చివరి అంకె 6,214 ఇప్పటికీ ఆ తలుపు మీద ఉంది. పన్నెండు దీపావళులకు ఇల్లంతా సున్నాలు, రంగులు పడ్డాయి గాని ఆ తలుపు మీదికి ఆమె ఎవరి చెయ్యీ రానివ్వలేదు.

మీటరు అద్దం తుడిస్తే కనిపించిన అంకె 9,880.

మూడు వేల ఆరు వందల అరవై ఆరు మైళ్లు. రాజురా మా ఇంటికి పదిహేడు మైళ్లు. అన్ని మైళ్లతో రెండు వందల సార్లు ఇంటికి రావచ్చు. ఒక్కసారి రాలేదు.

*

బాపు పేరు అప్పలనర్సయ్య. వసారాలో నులక మంచం మీద పడుకొని, వాకిట్లో ఏం జరిగినా చెవులతోనే చూస్తాడు.

"కుట్టు మనదేనా?" అన్నాడు.

ఔనన్నాను. ఎడమకు వాలిందని కూడా చెప్పాను. ఆయన బతికిన చేత్తో పడిపోయిన చేతిని ఎత్తి రొమ్ము మీద పెట్టుకున్నాడు.

తర్వాత మొదలైంది. వారం రోజులుగా జరుగుతున్న గొడవే. మనిషి జాడ లేక పన్నెండేళ్లు నిండితే మోదుగాకులతో బొమ్మ చేసి, పేరు పెట్టి, దహనం చేయాలి. తలకు నలభై ఆకులు, మెడకు పది, చేతులకు వంద. మొత్తం మూడు వందల అరవై. వచ్చే అమావాస్యకు ముహూర్తం. కర్తను నేనే. ఈ సాయంత్రం అయ్యగారు వచ్చి నన్ను మూడుసార్లు అడుగుతారు, వార్త ఏదైనా వచ్చిందా అని. మూడుసార్లు లేదనాలి. అంటేనే ఆకులు కోయనిస్తారు.

"మీటరు ఒక వార్త," అన్నాడు బాపు. "కుట్టు ఇంకో వార్త. రెండు పెట్టుకొని లేదంటవా?"

మీటరు ఎవడు తిప్పాడో మనకు తెలియదని నేనన్నాను. బండి చేతులు మారి ఉండవచ్చు, అన్నను ఏదో చేసి లాక్కొని ఉండవచ్చు. అన్న పోయిన ఏడు, నిజాం రాజ్యం కూలే ముందు, నది అవతల ఎంత గడబిడగా ఉందో ఆయనకు గుర్తుచేశాను.

"బతికున్నోన్ని ఆకులల్ల కాలిస్తే, వాడు రేపు వాకిట్ల నిలబడ్డా లోపలికి రానియ్యరు. మళ్ల పుట్టినట్టు అన్ని చెయ్యాలె. నేను అందాక ఉంటనా?"

"వచ్చేటోడైతే పన్నెండేండ్ల రాకపోవునా, బాపు?"

"నువ్వు వ్యాపారివి. నీకు రానిదంతా మునిగిందే. నాకు గట్ల కాదు."

చంద్రకళ లోపలి నుంచి, ఎవరికీ కాదన్నట్టు, ఈ ఇంట్లో లేనివాళ్లకున్న మర్యాద ఉన్నవాళ్లకు లేదంది. సావిత్రక్క నిన్న పొద్దటి నుంచి అన్నం ముట్టలేదని ఈ తండ్రీకొడుకుల్లో ఎవరికైనా తెలుసా అంది.

నాకు తెలియదు. లేచి బండి దగ్గరికి పోయాను.

చేతికి ఏదో పని కావాలి. పిస్టన్ ఎప్పుడో పట్టేసింది. బండి ఇంటికి వచ్చి పందొమ్మిది రోజులు. రోజూ ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో నూనె పోస్తూనే ఉన్నాను. రోజూ కిక్కు మీద నిలబడినా అది కదలలేదు. ఇవాళ ఊరికే కాలు ఆనించాను. బరువు వేయనేలేదు. కిక్కు మెత్తగా కిందికి పోయింది. అవతలి నుంచి ఎవరో వదిలేసినట్టు పోయింది. ప్లగ్గు రంధ్రంలోంచి బుస్సుమని నల్లటి నూనె లేచి గోడ మీద చిమ్మింది.

వసారాలో బాపు ఆ చప్పుడు విన్నాడు. "ఊపిరొచ్చిందా?" అన్నాడు.

వీధిలో మనిషి అలికిడి లేదు. చాందా కోట గోడల మధ్య ఆ వేళ ఎండ కూడా చప్పుడు చేస్తుంది. గోడ మీది నూనె చారలు కిందికి జారుతున్నాయి. చూస్తుంటే, మోకాళ్ల దగ్గర పీచు పోగు ఒకటి కదిలింది. గాలి లేదు. వెనక్కు తిరిగాను. వదిన నిలబడి ఉంది. చీర అంచు తగిలి ఆ పోగు దొర్లింది.

*

సావిత్రి వదినకు ముప్పై నాలుగేళ్లు. మెడలో పుస్తెలు, నుదుట బొట్టు. అమావాస్యకు అవి తీసేయాలి. ఆకులు కాలిస్తే ఏం పోతుందో ఇంట్లో అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

"సీటు నేనే కుట్టిన," అంది.

ఈ కుట్టు నీకెవరు నేర్పారు అని అడిగాను. మా ఇంట్లో ఆడవాళ్లకు నేర్పే ఆనవాయితీ లేదు.

"మీ అన్ననే. పెండ్లయిన కొత్తల, గోదాంల. బస్తను నడుమ పెట్టి, నన్ను ఎదురుగ కూసోబెట్టి నేర్పిండు. ఆయన కుడికి వేస్తే నాకు ఎడమకు వచ్చేది. అద్దంల చూసి నేర్చినట్టు. మస్తు నవ్వేటోడు. ఎన్నిసార్లు చెప్పినా నా చెయ్యి మారలే."

అందుకే ఎడమకు వాలింది. నా భయానికి ఇంత చిన్న జవాబు. నాకు నవ్వు రావలసింది. ఆమె ముఖం చూసి రాలేదు.

పొద్దున కోసిన సీటును మధ్యాహ్నానికి ఎందుకు మూసిందని అడిగాను. లోపల ఏమైనా ఉందా అన్నాను.

"ఉందో లేదో నేను చూడలే. చూడొద్దనే మూసిన."

కొంగు ముడి విప్పి ఒక పట్టీ తీసింది. పొద్దున నేను కుట్టు విప్పలేదు. కుట్టు పక్కనే రెక్సిను కోశాను. పాత కుట్టు ఉన్న అంచు పట్టీలా ఊడి కింద పడింది. దాన్ని నేను తిప్పి చూడనే లేదు. పని తొందరలో తీసి నూనె తట్టలో పడేశాను. నూనె తుడిచి, మడతపెట్టి, ఆమె కొంగున కట్టుకొని తిరుగుతోంది.

"చదువు," అంది.

పట్టీ లోపలి వైపు మిల్లు ముద్ర ఉంది. ముద్రలో సంవత్సరం ఉంది, 1957. అన్న పోయిన తొమ్మిదేళ్లకు తయారైన గుడ్డ. తిప్పాను. ఆరు కుట్లు, ఖాళీ. ఆరు, ఖాళీ. మా కుట్టే.

ఎడమకు వాలి ఉంది.

"ఇది నువ్వు కుట్టింది కాదా?" అన్నాను.

"మీ అన్న పోయినంక ఇయ్యాల్టిదాకా నేను దబ్బనం పట్టలే."

ఎండ ఆమె భుజం మీద పడుతోంది. పక్కకు జరగలేదు. నా చేతిలోని పట్టీని వేలితో చూపిస్తూ ఒక్కో ఖాళీ దగ్గర ఆగింది.

"మీ అన్నయితే కుడికి వాలుతది. ఇది ఇంకెవరో కుట్టిండ్రు. నేర్చుకున్నోళ్లు. ఆయనకు ఎదురుగ కూసొని నేర్చుకున్నోళ్లు."

వసారాలో మంచం కిర్రుమని ఆగింది. బాపు వింటున్నాడు.

నేను వ్యాపారిని. ఏ సరుకు చూసినా ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని చేతులు మారింది అని మొదట చూస్తాను. పందొమ్మిది రోజులు ఈ బండిలో ప్రతి మరా విప్పి చూశాను. చూడవలసిన సరుకును చెత్తలో పడేశాను. వదిన ఒక్క చూపులో చదివింది.

"ఇప్పుడు చెప్పు," అంది. "సాయంత్రం అయ్యగారికి ఏం చెప్తవ్?"

బాపు మాట ఆమెకు గుర్తుచేశాను. అన్న ఎక్కడో ఉన్నాడంటే ఆమె పుస్తెలు నిలుస్తాయి, అది మంచిదే కదా అన్నాను. అంటున్నప్పుడే ఆ మాట తూకం తగ్గిందని నాకు తెలుసు.

"సచ్చినోనికి నేను పెండ్లాన్ని, రామకిషన్. బతికినోనికి ఏమైత? పదిహేడు మైళ్ల దూరంల ఉండి రానోనికి నేను ఏమైత?"

నేను తల దించుకున్నాను.

"పన్నెండేండ్లు ముత్తైదువ అని పిలిచిండ్రు, పోయిన. పక్కన కూసోబెట్టి గుసగుసలు పెట్టుకున్నరు, విన్న. బొట్టు తీసేస్తే నాకొక పేరన్న ఉంటది. ఆకులు కాల్చు. లేదని చెప్పు. మూడుసార్లు."

"అబద్ధం చెప్పమంటున్నది," అని వసారాలోంచి బాపు అన్నాడు. గొంతు కోపంగా లేదు. బేరం పోయినవాడి గొంతులా ఉంది.

"మీ కొడుకు చెప్పలేదా, మామా?" అంది వదిన, అటు తిరగకుండానే. "పోయొస్తనని చెప్పే పోయిండు."

ఆమె వంటింటి తలుపు దగ్గరికి పోయింది. గూట్లోంచి సుద్దముక్క తీసింది. 6,214 పైన 9,880 రాసి, కింద గీత గీసింది. తీసివేయగా వచ్చే అంకె రాయలేదు. చేతులు కడుక్కొని, చంద్రకళ ఇచ్చిన మజ్జిగ గ్లాసు తీసుకొని, తాగకుండా పట్టుకొని నిలబడింది.

*

నాలుగు గంటలకు భూమన్న వచ్చాడు. తలకు తడిగుడ్డ, చంకలో గోనెపట్టాలో చుట్టిన మూట.

"దీని జోడీ వచ్చింది, సేట్," అని మూట విప్పాడు. బండికి లేని రెండో తోలు సంచి. తోలు ఎండకు పగిలింది గాని పట్టీలు గట్టిగానే ఉన్నాయి.

ఎక్కడ దొరికిందన్నాను.

"దొరకలే. తెచ్చిచ్చిండ్రు. ఆ నాడు బండి అమ్మింది గూడ ఆమెనే. రాజురా దిక్కు మాట. నిన్న పొద్దున వచ్చి, బండి కొన్నోళ్లు ఎవరని అడిగింది. మీ పేరు చెప్పిన. వాళ్లింట్ల ముసలాయన మంచంల ఉన్నడా, లేస్తుండా అన్నది."

బాపు మంచం పట్టిన సంగతి మా వీధి దాటి తెలిసినవాళ్లు తక్కువ. ఆమె పేరు అడిగాను. చెప్పలేదట. వెంట ఎవరూ లేరట. సంచి ఇంట్లో వాళ్ల చేతికే ఇమ్మందట. జవాబు తీసుకొనే పోతానని బల్లార్‌పూర్ పక్కనే బామ్నిలో భూమన్న చెల్లెలింట్లో కూర్చొని ఉందట.

"బొట్టు ఉందా?" అంది వదిన.

భూమన్న ఆమెను అప్పుడే చూశాడు. తలగుడ్డ సవరించుకున్నాడు. "చూడలేదమ్మా. కొంగు మీదికి లాక్కున్నది," అన్నాడు. నిజం చెప్పాడో, జాలిపడి చెప్పాడో నాకు తెలియలేదు. నీళ్లు తాగి పోయాడు.

సంచిని బండి సీటు మీద పెట్టాను. మూతి కుట్టి ఉంది. చూడకముందే నాకు తెలుసు. ఆరు కుట్లు, ఖాళీ. ఎడమకు వాలి ఉన్నాయి. మైనం ఎండకు కరిగి తోలు మీద మెరుస్తోంది.

చంద్రకళ సంచిని బావిలో పారేయమంది. బాపు వసారాలోంచి ఒక్క మాటే అన్నాడు, విప్పమని. అని, మంచం పట్టె పట్టుకొని లేవబోయి, లేవలేక, అలాగే ఒరిగి ఉండిపోయాడు.

వదిన సంచిని రెండు చేతులా ఎత్తి చూసింది. మా దుకాణంలో తూకానికి ముందు బస్తాను అలాగే ఎత్తి చూస్తాం. లోపల ఏదో పలచటిది కదిలింది. కాయితమో, గుడ్డో.

"ఇప్పితే వార్త వచ్చినట్టు," అంది. "ఇప్పకపోతే రానట్టు. అంతేనా?"

అంతేనన్నాను. నన్నెవరైనా ఆ క్షణంలో అడిగితే ఏది లాభమో చెప్పలేకపోయేవాణ్ణి. విప్పకపోతే నేను మూడుసార్లు లేదనవచ్చు, అబద్ధం కాదు. విప్పితే బామ్నిలో కూర్చున్న మనిషికి ఈ ఇంట్లో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఆ ఒకరు నేను కాదు.

తెరిచి ఉన్న వాకిట్లోంచి వీధి మలుపు కనిపిస్తోంది. మలుపులో అయ్యగారి నల్ల గొడుగు తిరిగింది. ఎండలో మెల్లగా వస్తోంది.

వదిన చెయ్యి చాపింది. పొద్దున సీటు కోసిన కత్తి నా దగ్గరే ఉంది. ఇచ్చాను.

ఆమె కత్తి మొనను కుట్టు మీద ఆనించి, ఎడమ నుంచి లెక్కపెడుతూ జరిపింది. ఒకటి, రెండు, మూడు. దారం తెగలేదు. నాలుగు, ఐదు, ఆరు. అయ్యగారి చెప్పుల చప్పుడు మా గోడ దాకా వచ్చింది.

కత్తి ఏడో కుట్టు దగ్గర ఆగింది. అక్కడ కోయడానికి దారం లేదు.